తుప్పు పట్టని నీలం కారు

మొన్న శనివారం మా అల్లుడు రఘు తన కారును తుక్కుకి అప్పజెప్పడానికి బయలుదేరుతూ, "మీరూ రండి అత్తయ్యా, లాస్ట్ టైమ్ ఎక్కినట్టుంటుంది" అన్నాడు. వుడ్‌ల్యాండ్స్‌లో మా ఫ్లాట్ కింద ఆ కారు పదేళ్ళు ఉంది. ఈ ద్వీప దేశంలో కార్లకి ఆయుష్షు ప్రభుత్వం ముందే రాసిపెట్టి ఉంచుతుంది. పదేళ్ళు నిండాక మళ్ళీ పెద్ద మొత్తం కట్టి గడువు పొడిగించుకోవాలి, లేదా బండిని వదులుకోవాలి. రఘు వదులుకోవడానికే నిశ్చయించుకున్నాడు. జురాంగ్ వైపు ఒక యార్డులో ఇలాంటి కార్లే వరసలు వరసలుగా నిలబడి ఉన్నాయి, ఒక్కదానికీ సొట్టైనా లేదు. అక్కడి చైనా పెద్దాయన మా కారును పైకి లేపించి, టార్చి వేసి కింద అంతా చూసి, "వెరీ క్లీన్ లా. నో రస్ట్. సో వేస్ట్" అన్నాడు. రఘు భుజాలెగరేసి సంతకం పెట్టాడు. మనవరాలు నిత్య నా చెయ్యి పట్టుకుని, "అమ్మమ్మా, డోంట్ బి సాడ్ లా. జస్ట్ ఎ కార్" అంది. నాకు బాధేమీ లేదు. కానీ వెనక డిక్కీ కింద స్పేర్ చక్రం కూర్చునే ఇనప పళ్ళెం కనిపించింది. వెళ్ళి దాని అంచు వేలితో తడిమి చూశాను. రఘుకి అర్థం కాలేదు. "ఏం వెతుకుతున్నారు అత్తయ్యా" అన్నాడు. ఏమీ లేదన్నాను.

నేను రోజూ డైరీ రాసే మనిషిని. జురాంగ్‌లో ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో తనిఖీ పనిలో చేరిన రోజున మొదలుపెట్టి, రిటైరై ఇన్నేళ్ళైనా ఆపలేదు. ఏ రోజు వాన పడింది, ఎవరు వచ్చారు, ఏం వండాను, అన్నీ ఉంటాయి. కానీ ఫ్యాక్టరీకి ముందు కాలానికి నా దగ్గర ఒక్క కాగితం లేదు. అందుచేత నేను రాస్తున్న నా జీవితకథలో ఈ అధ్యాయానికి తేదీలు రాయలేను. జ్ఞాపకం ఉన్నంత మటుకు, జ్ఞాపకం ఉన్న వరసలోనే రాస్తాను.

ఉత్తరాన, జొహోర్ జలసంధి ఒడ్డున, తెల్లవాళ్ళ నౌకా స్థావరం ఉన్న రోజులవి. మా నాన్న అప్పలస్వామి అందులో ఒక ఆఫీసరుకి డ్రైవరు. శ్రీకాకుళం జిల్లా నుంచి పడుచువాడిగా ఓడెక్కి వచ్చాడు. అమ్మ అదే ఆఫీసరు బంగ్లాలో బట్టలు ఉతికి ఇస్త్రీ చేసేది. నేను, తమ్ముడు ఇక్కడే పుట్టాం. పనివాళ్ళకి కట్టించిన ఇళ్ళ వరసలో ఒక గది, వెనక చిన్న వంటిల్లు మాది. రెండు ఇళ్ళవతల సింహాచలం మామ ఉండేవాడు. మాకు చుట్టం కాదు, నాన్న ఊరి పక్క ఊరువాడు. ఆయనా ఇంకో ఆఫీసరుకి డ్రైవరే. తెల్లవారుజామున మా వంటింట్లోంచి ఎండుచేపల పులుసు వాసన, వాళ్ళింట్లోంచి చుట్ట వాసన, అన్నిటినీ కప్పేసి సముద్రం మీంచి ఉప్పుగాలి. ఆ గాలికి తాళం కప్పలు బిగుసుకుపోయేవి. అమ్మ కుంకుమ డబ్బా మూత తిరిగేది కాదు. గోడకి కొట్టిన మేకు తుప్పు పట్టి, తెల్లని గోడ మీద కిందికి ఎర్రని చార కార్చేది. ఇనుము ఎక్కడుంటే అక్కడ తుప్పు. అందరూ అలవాటు పడిపోయారు, మా నాన్న తప్ప.

దొర కారు నీలం రంగుది, ఇంగ్లండ్ నుంచి ఓడలో వచ్చింది. దాన్ని తోమడం తెల్లవాళ్ళు చెప్పిన పనిలో భాగమే. కానీ నాన్న చేసింది ఎవరూ చెప్పింది కాదు. వారానికొకసారి గోనెపట్టా పరుచుకుని కారు కిందికి దూరేవాడు. ముందు మంచినీళ్ళతో అడుగంతా కడిగేవాడు. పైన ఎంత కడిగినా లాభం లేదు, ఉప్పు కింద కూర్చుంటుంది అనేవాడు. ఆరిన తర్వాత మైనం కరిగించి పాత ఇంజనాయిలుతో కలిపిన ముద్దను గుడ్డతో ప్రతి మూలకీ పట్టించేవాడు. తలుపుల అడుగున నీళ్ళు కారిపోవడానికి సన్నని బెజ్జాలుంటాయి. వాటిలో మట్టి చేరితే నీళ్ళు లోపలే నిలిచి తలుపు లోపలినుంచి కుళ్ళిపోతుంది. కొబ్బరి ఈనె ఒకటి చెవి వెనక బీడీలా పెట్టుకుని తిరిగేవాడు, ఆ బెజ్జాలు పొడవడానికి. వాన వెలిసిన వెంటనే లోపలి పట్టాలన్నీ తీసి ఎండలో వేసేవాడు. చివరికి మడిచిన వేలితో రేకును కొట్టుకుంటూ చుట్టూ తిరిగేవాడు. మంచి రేకు ఒకలా మోగుతుంది, లోపల తిన్న రేకు ఇంకోలా మోగుతుంది. ఆ తేడా మాకెవరికీ వినిపించేది కాదు.

సాయంత్రం ఇంటికొస్తే ఆయన ఒంటి మీద ఆయిలు, కిరసనాయిలు, తడి గోనె కలిసిన వాసన. ఆ బట్టలను అమ్మ మా బట్టలతో కలిపి ఉతికేది కాదు. ఒకసారి సింహాచలం మామ మా వాకిట్లో కూర్చుని, "ఒరే అప్పలసామీ, నీ పెల్లానికన్నా ఆ కారుకే ఎక్కువ నీల్లోస్తన్నావురా" అన్నాడు. అమ్మ లోపల్నుంచే, "దానికి నోరు లేదు గదా అన్నయ్యా, అందుకే" అంది. మామ పొట్ట పట్టుకుని నవ్వాడు. నాన్నా నవ్వాడు. ఆ రోజుల్లో మా ఇంట్లో నవ్వుకునేవాళ్ళం.

సింహాచలం మామ మాత్రం తన దొర కారును ఎప్పుడూ అడుగున తోమలేదు. పైన మెరిపించి ఊరుకునేవాడు. నాన్న వేలితో కొట్టి, "లోపల బెల్లం గడ్డలా అయిపోనాదిరా ఇది" అంటే, "ఎవుడి సొమ్మురా? దొరది. ఎవుడు సూస్తాడు కింద? ఎవుడూ సూడడు" అనేవాడు. ఇది గుర్తు పెట్టుకోవాల్సిన సంగతి. ఎందుకంటే మా డ్రైవర్ల ఇళ్ళన్నిటికీ ఒక ఆశ ఉండేది. తెల్లవాళ్ళు మూడు నాలుగేళ్ళకో, పదేళ్ళకో బదిలీ అయి స్వదేశానికి పోతారు. పోతూ కారును డ్రైవరుకి వదిలేసి పోవడం అక్కడ రివాజు. ఉప్పుగాలికి తిన్న కారును ఓడ ఖర్చు పెట్టి ఎవరు తీసుకుపోతారు? మా దొర ఒకసారి ఆ కారు మీద చెయ్యి వేసి, "నేను వెళ్ళిన రోజున ఇది నీది, స్వామీ" అన్నాడు. నాన్న ఆ మాట ఇంటికి తెచ్చి అమ్మకి చెప్పాడు. అమ్మ దాన్ని మళ్ళీ మళ్ళీ చెప్పించుకుంది.

ఆ తర్వాత స్థావరమే ఎత్తేస్తున్నారన్న వార్త వచ్చింది. తెల్లవాళ్ళందరూ వెళ్ళిపోతారు, పనులన్నీ పోతాయి. వరసల్లో ఒక్కో ఇల్లూ ఖాళీ కావడం మొదలైంది. మలయాళీలు ట్రంకు పెట్టెలు కట్టుకున్నారు. ఇక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్ళకి ఏదో ఒకటి దొరికేది. తీసుకోని వాళ్ళకి పని ఉంటేనే ఉండనిచ్చేవారు. నాన్న తీసుకోలేదు. రేపు, ఎల్లుండి అంటూ వాయిదా వేశాడు. ఊళ్ళో ఏదో చిన్న పొలం ముక్క ఉంది, అది పోతుందేమోనని భయం. ఇప్పుడు ఆయనకి ఒకటే దారి కనిపించింది. కారు చేతికి వస్తే డ్రైవింగు నేర్పే పని పెట్టుకోవచ్చు. సొంత బండి, సొంత పని ఉన్నవాడిని పొమ్మనరని అందరూ అనుకునేవారు. అమ్మ మాకు, "మీ నాన్న మేస్టారైపోతాడు" అని చెప్పింది. నేను చదువు మానక్కర్లేదు. తమ్ముడు చదువుకోవచ్చు. మేమంతా ఒక్క చోట ఉంటాం. మా నలుగురి బతుకూ ఆ నీలం కారులో కూర్చుని ఉందని మాకు తెలుసు.

ఒక రోజు నాన్న అన్నం ముందు కూర్చుని తినకుండా ఉండిపోయాడు. అమ్మ ఏమైందని అడిగితే, "దొర కారట్టుకుపోతాడంట" అన్నాడు.

"యాటికి?"

"ఆల్ల దేశానికి. కారు సుట్టూ తిరిగి సూసినాడు. అందరి కార్లూ పాడైపోనాయి, నా కారు కొత్తగా ఉంది, దీన్నొగ్గేసి ఎలా పోతాను అన్నాడు." మళ్ళీ తనే, "బాగా సూసుకున్నావని నా భుజం తట్టినాడు" అన్నాడు.

అమ్మ గరిటె పక్కన పెట్టి, "నీదన్నాడు గదా" అంది.

"తుప్పుంటే నాకే ఒగ్గేస్తాడంట. ఓడ కంపెనీ మనిసొచ్చి సూస్తాడంట. తుప్పున్న కారుని ఓడకెక్కించడం దండగంట." నాన్న అన్నం కలపడం మొదలుపెట్టాడు. "ఈలోపల కారుని సలికాలానికి తయారు సెయ్యమన్నాడు."

చలికాలమంటే ఏమిటో మాలో ఎవరికీ తెలియదు. నాన్న దొర చెప్పింది చెప్పినట్టు మాకు వినిపించాడు. అక్కడ రేడియేటర్లో నీళ్ళు రాయైపోయి, ఉబ్బి, ఇనుమును పగలగొడతాయట. అలా కాకుండా నీళ్ళలో ఒక మందు కలపాలట. ఇంజనులో పలచని ఆయిలు పొయ్యాలట. తలుపుల రబ్బర్లు మంచుకి అంటుకుపోకుండా గ్లిజరిన్ రాయాలట. అమ్మ, "నీల్లు ఇనుముని పగలగొట్టడమేటి? తాగొచ్చినావా?" అంది.

"రోడ్డు మీద ఉప్పు సల్లుతారంట" అన్నాడు నాన్న.

"ఉప్పా?" అన్నాడు తమ్ముడు. "తినే ఉప్పే?"

"అదే. మంచు కరగడానికంట. లారీలతో తెచ్చి సల్లుతారంట." నాన్న ఆ మాట నమ్మలేక, తనలో తనే ఇంకోసారి అనుకున్నాడు. ఇన్నేళ్ళు గాలిలో ఉన్న ఉప్పును తుడిచి తుడిచి దాచిన కారు, ఉప్పు పరిచిన రోడ్డు మీదికి పోతోంది. మాకు తెలిసినంతలో అన్నం అంతా తినకుండా నాన్న లేచిన రోజు అదొక్కటే.

మరుసటి రోజు నుంచి పని మొదలుపెట్టాడు. ఓడల స్టోరు నుంచి మందు తెచ్చాడు. అది తియ్యటి వాసన వేసేది. విషం, వేలు పెట్టకండి అని మమ్మల్ని దూరంగా తరిమాడు. కారు అడుగంతా గోకి, తారు పూత వెయ్యడానికి దిగాడు. ఆ పనిలో డిక్కీలో స్పేర్ చక్రం బయటికి తీసినప్పుడు, దాని కింద పళ్ళెం అంచున రంగు పొంగి ఉండడం చూశాడు. బొటనవేలితో నొక్కితే వేలు దిగబడింది. డిక్కీ రబ్బరు ఎక్కడో వదులై వాననీళ్ళు చక్రం కింద చేరాయి. ఆయన చూడని చోటు ఆ కారులో అదొక్కటే. ఇంటికొచ్చి ఆ బొటనవేలు మాకు చూపించాడు. ఎర్రగా ఉంది.

అమ్మ దేవుడి పటం ముందు దీపం పెట్టింది. సింహాచలం మామ పరుగున వచ్చి, "సాల్రా. అదే సాలు. ఓడ కంపెనీవోడికి ఆ సక్రం తీసి సూపించు. కారు నీది" అన్నాడు. మామకి అప్పటికే తన దొర కారు వచ్చేసింది. నేల రేకంతా పోయి, కాళ్ళ కింద రోడ్డు కనిపించేది. దాని మీద చెక్క పలక పరుచుకుని, నీలం బోర్డు మీద తెల్ల 'ఎల్' అక్షరం తగిలించుకుని డ్రైవింగు నేర్పడం మొదలుపెట్టేశాడు కూడా. "నా కారు సూడు, అడుగు లేదు. అడుగు లేదు గాబట్టే నాదైంది" అని నవ్వాడు.

నాన్న మాత్రం ఆదివారం నాడు చక్రం మళ్ళీ తీసి, తిన్న రేకును కత్తిరించి, వర్క్‌షాపులో అతుకు వేయించుకుని వచ్చాడు. దాని మీద ఎర్ర రంగు, దాని మీద తారు. అమ్మకి తెలిసినప్పుడు గట్టిగా కూడా అరవలేదు. "ఎందుకు బాగు సేసినావు?" అని మాత్రం అడిగింది.

"సూసినాక ఒగ్గీడానికి సేతులు రాలేదు" అన్నాడు నాన్న. తర్వాత, అమ్మ ముఖం చూసి, "అతుకేసిన సోట మల్లీ తుప్పడతాది. రెండేల్లలో పడతాది. సెప్తానులే" అన్నాడు. ఆ మాటతో అమ్మ తేరుకుంది. ఆ రాత్రి మా ఇంట్లో అందరూ అన్నం తిన్నారు.

ఓడ కంపెనీ మనిషి వచ్చింది ఒక శనివారం ఉదయం. నాకు బడి లేదు కాబట్టి అమ్మకి సాయంగా బంగ్లాకి వెళ్ళాను. పెరట్లో దండేల మీద దుప్పట్లు ఆరేస్తున్నాం. అక్కడికి నాలుగడుగుల దూరంలో కారు. తెల్ల ప్యాంటు వేసుకున్న ఆ మనిషి కారు చుట్టూ తిరిగాడు, తలుపులు తెరిచి మూశాడు, డిక్కీ ఎత్తి చక్రాన్ని చూశాడు, చక్రాన్ని తియ్యమనలేదు. కింద చూడడానికి ఒక మోకాలు వంచబోయి, నేల తడిగా ఉందని మానుకున్నాడు. దొరవైపు తిరిగి ఏదో అడిగాడు. దొర నాన్నవైపు తిరిగాడు. దొర, నాన్న మాట్లాడుకునేది మలయ్ భాషలో. కరాట్ అంటే తుప్పు.

"స్వామీ. ఎక్కడైనా కరాట్ ఉందా?"

నాన్న గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు. తుడుచుకోవడం ఆపలేదు. అమ్మ చేతిలో తడి దుప్పటి అలాగే ఉంది. దండెం దగ్గర్నుంచే, మామూలు గొంతుతో, మన భాషలో, "ఉందని సెప్పు" అంది.

నాన్న కారునే చూస్తున్నాడు.

"సెప్పవయ్యా. అతుకేసినానని సెప్పు. మల్లీ తుప్పడతాదని సెప్పు."

"లేదు తువాన్" అన్నాడు నాన్న. తువాన్ అంటే అయ్యగారు. "ఎక్కడా లేదు."

"అప్పలసామీ" అంది అమ్మ.

అమ్మ నాన్నను పేరు పెట్టి పిలవగా నేను విన్నది ఆ ఒక్కసారే. దొరకి మాట అర్థం కాలేదు గానీ గొంతు అర్థమైనట్టుంది. నవ్వుతూ, "ఏమంటోంది?" అని అడిగాడు.

"బట్టలు ఇంకా ఆరలేదంటోంది, తువాన్" అన్నాడు నాన్న.

ఓడ కంపెనీ మనిషి కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడు. దొర నాన్న భుజం తట్టాడు. అమ్మ ఆ దుప్పటిని దండెం మీద వేసి, మడతలు లాగి, క్లిప్పులు పెట్టి, బుట్టలోంచి ఇంకోటి తీసింది. ఆ రోజు ఉతికినవన్నీ ఆరేసేదాకా మేం అక్కడే ఉన్నాం.

కారును తంజోంగ్ పగార్ రేవుకి అప్పజెప్పే రోజున నాన్న నన్ను కూడా రమ్మన్నాడు. ముందు సీట్లో కూర్చోమన్నాడు. ఓడకెక్కించే కారు ట్యాంకులో పెట్రోలు ఉండకూడదు, రేవు చేరేసరికి దాదాపు ఖాళీ కావాలి. మా స్థావరం ఉన్న సెంబవాంగ్ నుంచి తంజోంగ్ పగార్ అంటే ద్వీపం ఈ కొసనుంచి ఆ కొసకి. నాన్న పెట్రోలు ముల్లును చూసి, ఇంకా పోయించుకోకుండానే బయలుదేరాడు. కుడి కాలి చెప్పు విప్పి పక్కన పెట్టాడు. ఎప్పుడూ అలాగే నడిపేవాడు. వట్టి పాదానికైతే ఎంత తొక్కుతున్నామో తెలుస్తుందట.

దారి పొడవునా మాట్లాడుతూనే ఉన్నాడు. అంత మాట్లాడడం అంతకుముందు వినలేదు. "బ్రేకు తొక్కినావంటే అంతదాకా పోసిన పెట్రోలు పారబోసినట్టే. అందుకని ముందు సూపుండాల. అదిగో, ఆ లారీ ఆగుతాది. మనం ఇప్పుడే కాలు తీసేయాల. సూసినావా, ఆల్లు కదిలే యేలకి మనం ఆగకుండానే ఎల్లిపోనాం." దిగుడు రాగానే ఇంజను ఆపేసి బండిని జారనిచ్చాడు. టైర్ల చప్పుడు, గాలి, అంతే. ఇప్పుడు ఎవరికీ అలా చెయ్యకూడదని చెప్తాను, ఆ అలవాటు ప్రమాదకరం. కానీ ఆ రోజు నాకు భయం వెయ్యలేదు. గేరు ఎప్పుడు మార్చాలో, టైర్లలో గాలి తగ్గితే బండి ఎలా బద్ధకిస్తుందో, డిక్కీలో అనవసరపు బరువు ఎంత తింటుందో చెప్పాడు. నాకప్పటికి లైసెన్సు తీసుకునే వయసు కూడా లేదు. అవన్నీ రేపు ముక్కూముఖం తెలియని వాళ్ళకి చెప్పి బతకాలనుకున్న పాఠాలని తర్వాత తెలిసింది. ఆ పాఠాలకి వచ్చిన శిష్యురాలిని నేనొక్కదాన్నే. మొన్నటిదాకా రఘు కారులో పొదుపుగా నడిపితే అద్దం ముందు ఆకుపచ్చ ఆకు బొమ్మ వెలిగేది. అది వెలిగిందని మురిసిపోతూ, శనివారం పెట్రోలు చవకని వంతెన దాటి పొరుగు దేశంలోని జొహోర్ వెళ్ళి, ఆ క్యూలో ఏసీ వేసుకుని పూటంతా నిలబడేవాడు.

రేవు గేటు దగ్గరికి వచ్చేసరికి ముల్లు ఎర్రగీతకి కింద పడుకుంది. ఇంజను ఒకసారి దగ్గి, మళ్ళీ అందుకుంది. అక్కడి మనిషి తాళాలు తీసుకుని, కాగితం చించి ఇచ్చాడు. నాన్న ఆ కాగితాన్ని జేబులో పెట్టుకుని, వెళ్ళకుండా కంచె పక్కన నిలబడ్డాడు. మధ్యాహ్నం దాటాక క్రేను కారును పట్టీలతో పైకెత్తింది. కారు మెల్లగా గాలిలో తిరిగింది. దాని అడుగు భాగం మొత్తం కనిపించింది, ఎక్కడా ఎర్ర మచ్చ లేకుండా, నల్లగా, కొత్త పెనంలా. కింద నిలబడ్డ కూలీలు చుట్టలు కాలుస్తూ వేరే ఏదో మాట్లాడుకుంటున్నారు. ఒక్కడూ తలెత్తలేదు. నాన్న మెడ నొప్పి పుట్టేదాకా చూశాడు.

తిరిగి బస్సులో వచ్చాం. బస్సు ఆగినప్పుడల్లా నాన్న కుడి పాదం నేలను నొక్కడం, వెంటనే తీసెయ్యడం కనిపించేది. ఇంటికొచ్చాక అమ్మ, "ఎక్కించీసినారా?" అంది. "ఎక్కించీసినారు" అన్నాడు. ఆ తర్వాత ఆ కారు మాట మా ఇంట్లో రాలేదు.

ఆ తర్వాతి సంగతి చెప్పడానికి ఎక్కువ లేదు. స్థావరం మూతపడింది. మాకు ఇల్లు ఖాళీ చెయ్యమన్నారు. నాన్న ఇసుక లారీ మీద కొన్నాళ్ళు, గోదాములో కొన్నాళ్ళు పని చేశాడు. ఏదీ నిలవలేదు, పని లేనప్పుడు ఉండడానికి అనుమతీ నిలవలేదు. సింహాచలం మామ తన అడుగు లేని కారుతో నేర్పి నేర్పి ఇంకో కారు కొన్నాడు. ఆయన పిల్లలు ఇక్కడే స్థిరపడ్డారు, పెళ్ళిళ్ళలో కలుస్తుంటాం. ఆయన మంచివాడు. మా నాన్నకి పని చూపించాలని చాలాచోట్ల అడిగాడు. నేను బడి మానేసి జురాంగ్ ఫ్యాక్టరీలో చేరాను. అప్పుడక్కడ చదువుకోని ఆడపిల్లలకి కూడా పని ఇచ్చేవారు. తమ్ముడు, నేను ఇక్కడ పుట్టినవాళ్ళం కాబట్టి మాకు ఇబ్బంది లేదు. అమ్మకి మా తల్లిగా అనుమతి దొరికింది, నాతో ఉండిపోయింది. నాన్న ఒక్కడే మద్రాసు ఓడ ఎక్కాడు. రెండేళ్ళలో కాగితాలు సరిచేసుకుని వస్తానన్నాడు. ఊళ్ళో ఆ పొలం ముక్కను అన్నదమ్ములు పంచేసుకున్నారు. విజయనగరంలో బాడుగ కారు నడిపేవాడని, ఒక వేసవిలో జ్వరం వచ్చి మూడు రోజుల్లో పోయాడని టెలిగ్రాం వచ్చింది. అది అందేసరికి దహనం కూడా అయిపోయింది.

ఓడ ఎక్కే ముందు నేను నాన్నను అడిగాను. జనం, మూటలు, ఏడుపులు. ఆయన తన రేకు పెట్టె కీళ్ళను చూస్తున్నాడు. "తుప్పుందని చెప్పుంటే బావుండేది కదా నాన్నా" అన్నాను. కోపంతో అనలేదు. ఆయన ఒక కీలును బొటనవేలితో రుద్దాడు. తర్వాత, "ఉందంటే ఆ ఏల్లన్నీ నాను పని సెయ్యనట్టే కదమ్మా" అన్నాడు. ఆ మాట నేనెవరికీ చెప్పలేదు, అమ్మకైతే అసలే చెప్పలేదు.

ఫ్యాక్టరీలో నా పని, బల్ల మీదికొచ్చిన ప్రతి ముక్కనూ భూతద్దం కింద చూసి, తప్పున్నదాన్ని పక్కన పెట్టడం. కొన్ని ఏళ్ళు దాటాక నాన్న మాట నాకు అర్థమైందనుకున్నాను. మంచి పని చేసిన మనిషికి, ఇది చెడ్డదని తన నోటితో చెప్పడం చేత కాదు. ఇప్పటి వాళ్ళకి ఆ ఇబ్బంది లేదు. యార్డులో ఆ పెద్దాయన వృథా అన్నాడు, మా అల్లుడు సంతకం పెట్టాడు, ఎవరి పనీ ఎవరినీ పట్టుకుని వేలాడలేదు. అదే మేలేమో. ఆ మేలు ఏ రోజున మా ఇంటికి కావలసిందో ఆ రోజున లేదు.

అమ్మ చివరి నెలలు ఆస్పత్రిలో గడిచాయి. మాట తక్కువైపోయింది. ఒక మధ్యాహ్నం, ఆమె మెలకువగా ఉన్నప్పుడు, ఇక దాచి ప్రయోజనం లేదనిపించి నాన్న ఓడ దగ్గర అన్న మాట చెప్పాను. చెప్పినందుకు ఆమెకు కాస్త ఊరట కలుగుతుందని అనుకున్నాను. అమ్మ కళ్ళు మూసుకునే విన్నది.

"మంచి పనోడే" అంది. "అది నాకు తెల్దేటే? ఆయన సేతిలో ఏదీ పాడవ్వలేదు."

గ్లాసుతో నీళ్ళు అందించబోయాను. చెయ్యి అడ్డం పెట్టింది.

"బతుకులో ఒక్కటి సెడగొట్టమన్నాను. ఒక్కటే" అంది.